గంజి పెట్టిన ఎండ

యాదవ్వ లోకాన్ని రెండుగా చూస్తుంది. గంజి పెట్టిన బట్ట, గంజి పెట్టని బట్ట. మొదటిది నిలబడుతుంది, రెండోది వేలాడుతుంది. మనుషుల్లో మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఉంటారని పెద్దలు చెబుతారు గానీ, ముప్పై ఏళ్లు ఊరి బట్టలుతికిన ఆ చేతులకు అంత తేడా ఎన్నడూ తగల్లేదు. ఒకే నీళ్లలో అందరి మురికీ ఒకే రంగులో వదిలింది.

ఆమె గంజికి చుట్టుపక్కల నాలుగూళ్లలో పేరుండేది. అన్నం వార్చగానే వచ్చే మొదటి గంజి చిక్కన, అది తాగడానికి. మళ్లీ కాసిని నీళ్లు పోసి వార్చిన రెండో గంజి బట్టలకు. దాన్ని పలచటి గుడ్డలో వడగట్టి, చిటికెడు నీలిమందు వేసి, చొక్కాను ముంచి, పిండకుండా నీడలో ఆరేస్తుంది. ఆ చొక్కా తొడుక్కున్నవాడి మెడ రెండు రోజులు వంగదు. అందుకే నాయకుల ఖద్దరంతా ఆమె దగ్గరికే వచ్చేది. ఎన్నికల నెలలో ఆమె దండెం మీద మూడు పార్టీలు పక్కపక్కనే ఆరేవి. గాలి ఎటు వీస్తే అటు మూడూ కలిసి ఊగేవి. లోపల మనిషి లేకపోయినా చొక్కాలు నిలబడేవి.

"మనిషి ఏసుకున్నంక గూడ లోపల గంతే ఉంటదే," అనేవాడు ఆమె పెనిమిటి ముత్యం.

వాళ్లది గుట్టకిందిపల్లె, కరీంనగర్ నుంచి బస్సులో ముప్పావు గంట. ఊరి పేరులో గుట్ట ఉంది గానీ ఊళ్లో గుట్ట లేదు. ఒకప్పుడు ఆకాశంలోకి ఎంత ఎత్తుండేదో, ఇప్పుడు భూమిలోకి అంత లోతుంది. మధ్యలో ఉన్న రాయంతా గ్రానైట్ బ్లాకులుగా లారీలెక్కి, ఓడలెక్కి, ఎవరి దేశంలోనో వంటింటి గట్టుగా, సమాధి పలకగా స్థిరపడింది. పనికిరాని ముక్కలను మాత్రం ఊరికే వదిలారు. అవి తెచ్చి యాదవ్వ బట్టలుతికే వాగులో పోశారు. వాగు పోయాక ఆమె క్వారీ ఆఫీసులో ఊడ్చే పనికి కుదిరింది. అక్కడ మేనేజరు సదానందం కుర్చీ మీది తెల్ల టవలుకు గంజి పెట్టింది, కిటికీ తెరలకు పెట్టింది, అటెండెన్సు రిజిస్టరు మీద కప్పే గుడ్డకు కూడా పెట్టింది. సదానందం కూర్చుంటే కుర్చీ అప్పడంలా చప్పుడు చేసేది. ఆ చప్పుడు అధికారానిదని అతను నమ్మాడు.

ముత్యం గుంతలో రాతికి బొక్కలు కొట్టే జాక్‌హామర్ పడతాడు. గుంత అంటే క్వారీలో రాయి తీసే చోటు, నూట ఇరవై అడుగుల లోతు. పైనుంచి చూస్తే అందులో మనుషులు చక్కెర కోసం వచ్చిన చీమల్లా కనిపిస్తారు. చక్కెర మాత్రం కనిపించదు.

పోయిన ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం ముత్యానికి చెమట పట్టడం ఆగిపోయింది. చల్లబడ్డాడేమో అనుకున్నారు పక్కవాళ్లు. కాసేపటికి అతను జాక్‌హామర్ ఆపి, ఎదురుగా ఉన్న రాతిగోడను పేరు పెట్టి పిలిచి, బువ్వ తిన్నావా అని అడిగాడు. ఆ తర్వాత పడిపోయాడు. ఒళ్లు ముట్టుకుంటే పొయ్యి మీది పెంకు. జాక్‌హామర్లకు గాలి పంపే కంప్రెసర్ నడిపే రహీమ్ అతని మీద రెండు క్యాన్ల నీళ్లు కుమ్మరించి, ట్రాలీ ఆటోలో వేసుకుని కరీంనగర్ తీసుకుపోయాడు. పదకొండు రోజులకు ముత్యం ఇల్లు చేరాడు. వచ్చేటప్పుడు డాక్టరు యాదవ్వను పక్కకు పిలిచి ఒకటే మాట చెప్పాడు.

"లోపల తాడు ఒకసారి తెగింది తల్లీ. ముడేసినం. మధ్యాహ్నం ఎండల మళ్లీ నిలబెట్టినవనుకో, గా ముడి ఆగది."

ఆ మాట ఆమె సదానందానికి చెప్పింది. ఎండాకాలం రెండు నెలలు మధ్యాహ్నం పూట ముత్యాన్ని గుంతలోకి పంపొద్దని అడిగింది.

"సగం దినం మనిషి నాకెందుకు యాదవ్వా?" అన్నాడు సదానందం. "పూర దినం పనిజేసెటోళ్లు గేటు బయట నిలబడ్డరు. నీ ఇష్టం, ఆయన ఇష్టం."

జాక్‌హామర్ తప్ప ముత్యం చేతికి వేరే విద్య లేదు. ఈ ఏడాది ఎండలు ముదిరాక కూడా అతను గుంతలోకి దిగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం ఎండలో పనులు వద్దని చెప్పే ప్రభుత్వ కాగితమొకటి ఆఫీసు బయటి గోడకు అంటించి ఉంది. పాపం ఆ కాగితం మాత్రం పొద్దంతా ఎండలోనే డ్యూటీ చేసి పసుపుపచ్చగా మారింది.

యంత్రం వచ్చింది ఏప్రిల్‌లో.

రాయి కొనే దేశంవాళ్లకు ఉన్నట్టుండి మనసు కలిగింది. మా వంటింటి గట్టు కోసేవాడికి వేడి చేయకూడదు, వేడిని కొలవండి, కొలిచిన అంకెలు మాకు పంపండి, లేకపోతే రాయి వద్దన్నారు. కరీంనగర్‌లో ఉండే క్వారీ సేటు పది నిమిషాలు ఆలోచించి, మనుషుల కోసం నీడ వేయించడం కంటే యంత్రం కొనడమే మేలని తేల్చాడు. నీడ ఫోటోలో బాగా పడదు.

మూడు కాళ్ల స్టాండు మీద మూడు థర్మామీటర్లు. ఒకటి ఉత్తది, గాలి వేడిని చెబుతుంది. ఇంకొకటి నల్లటి రాగి గుండు లోపల ఉంటుంది, ఎండనూ రాయి కొట్టే సెగనూ తాగి చెబుతుంది. మూడోది వేలెడు తెల్లటి నూలు తొడుగు వేసుకుంటుంది. ఆ తొడుగు తోక కింద చిన్న సీసాలోని నీళ్లలో మునిగి ఉంటుంది. నీళ్లు గుడ్డలోకి పాకుతాయి, గాలికి ఆరుతాయి, ఆరుతూ థర్మామీటరును చల్లబరుస్తాయి. చెమట పట్టిన మనిషి ఒళ్లు చల్లబడినట్టే. ఈ మూడింటినీ కలిపి యంత్రం ఒక అంకె చూపిస్తుంది, అందులో తెల్లగుడ్డ మాటకే బరువెక్కువ. ముప్పై ఒకటి దాటితే యంత్రం తోకకు కట్టిన సైరన్ దానంతటదే మోగాలి, గుంతలో పని ఆగాలి. ఎక్కడ ఉన్నదీ, ఎంత కొలిచిందీ యంత్రం తన సిమ్‌కార్డుతో సముద్రం అవతలికి తానే చెప్పుకుంటుంది. సదానందం దిద్దడానికి వీల్లేదు.

సదానందం కొబ్బరికాయ కొట్టాడు. నల్లగుండుకు కుంకుమ బొట్టు పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. ఇంటికొచ్చిన కొత్త చుట్టాన్ని ఎండలో నిలబెట్టే అలవాటు ఆ ఊళ్లో లేదు. ఆఫీసు ముందు, వేపచెట్టు కింద, మంచినీళ్ల మట్టి రంజన్ పక్కన, గాలి బాగా ఆడేచోట దాన్ని కూర్చోబెట్టారు.

"గుంతల పెట్టరా సారూ?" రహీమ్ అడిగాడు.

"గుంతల ఎండ, దుమ్ము. మిషన్ కరాబైతదిరా."

"మరి మేము?"

"మీకు అలవాటే గద."

పది రోజులు గడిచాయి. వేపచెట్టు కింద యంత్రం ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది అంటూ సుఖంగా గడిపింది. సైరన్ నోరు తెరవలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి ముత్యం బువ్వ తిని, తలకు తువ్వాల చుట్టుకుని, మళ్లీ దిగిపోయేవాడు. యాదవ్వకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. చాకలి పద్దుల్లో నేర్చుకుంది. చీపురు చేతపట్టుకుని రోజూ ఆ అంకె ముందు నిలబడేది. మొండి పిల్లాడి నోట పాఠం రప్పించాలని చూసినట్టు చూసేది. అది ముప్పై కూడా పలికేది కాదు.

పదకొండో రోజు సదానందం యంత్రానికి వేసిన తెల్లతొడుగు మీద రాతిదుమ్ము పేరుకోవడం చూశాడు.

"యాదవ్వా, గీ గుడ్డ గలీజైంది. మంచిగ ఉతికి తొడుగు."

మంచిగా అన్నాడు. ఆ మాటకు యాదవ్వ దగ్గర ఒకటే అర్థం ఉంది. ఇంటికి తీసుకుపోయి నానబెట్టింది. సబ్బు పెట్టి రెండుసార్లు జాడించింది. రెండో గంజి వడగట్టింది, నీలిమందు చుక్క వేసింది, ముంచి, పిండకుండా నీడలో ఆరేసింది. వేలెడు గుడ్డకు ఖద్దరు చొక్కాకు జరిగే మర్యాదలన్నీ జరిగాయి. తెల్లారి తెచ్చి తొడిగితే అది కొంగ ముక్కులా నిటారుగా నిలబడింది.

నిలబడిన గుడ్డలోకి నీళ్లు పాకవు. గంజి దారులన్నీ మూసేసింది. సీసాలో నీళ్లు సీసాలోనే ఉన్నాయి, గుడ్డ ఎండిపోయి ఉంది, థర్మామీటరు చెమట ఆగిన మనిషిలా లోలోపల కాగడం మొదలుపెట్టింది. ఈ సంగతి యాదవ్వకు తెలియదు. సదానందానికి అసలే తెలియదు.

పదిన్నరకు సైరన్ మోగింది.

గుంతలో ముప్పై మంది ఒక్కసారి తలెత్తారు. ఏదో కూలిందనుకున్నారు. తర్వాత ఆ కూత పని ఆపమని చెబుతోందని అర్థమై, నమ్మకం లేక, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మెల్లగా పైకెక్కారు. సదానందం యంత్రం చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాడు. అంకె ముప్పై ఆరూ పాయింట్ ఎనిమిది. సముద్రం అవతలికి ఆ అంకె అప్పటికే వెళ్లిపోయింది. అది సాయంత్రం నాలుగు గంటల దాకా దిగలేదు.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. సదానందం యంత్రానికి గొడుగు పట్టించాడు. చుట్టూ తడిపిన గోనెసంచులు కట్టించాడు. తన గదిలోని టేబుల్ ఫ్యాను తెచ్చి దాని ముందు పెట్టాడు. ముప్పై ఏళ్ల గుట్టకిందిపల్లె క్వారీ చరిత్రలో కూలికి ఫ్యాను పెట్టింది లేదు. యంత్రానికి ఆ యోగం పట్టింది. అయినా అది చల్లబడలేదు. చివరికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టించాడు.

"దిష్టి తగిలింది సారూ," అన్నాడు రహీమ్ చాలా విచారంగా. "మా అందరి దిష్టే. తీసెయ్యకుండ్రి, జర ఉండనియ్యుండ్రి."

అలా ఇరవై ఆరు రోజులు గడిచాయి. మధ్యాహ్నాలు రేకుల షెడ్డు కింద తడి నేల మీద ముప్పై మంది పడుకునేవారు. ఊళ్లో బర్రెలు కూడా సైరన్ వినగానే నీడకు నడవడం నేర్చుకున్నాయి. ముత్యం కళ్లలోని ఎరుపు మెల్లగా ఇంకిపోయింది. నిద్రలో అతని ఛాతీ ఎగిసి పడుతుంటే యాదవ్వ గడపలో కూర్చున్నంత నిశ్చింతగా పక్కన కూర్చునేది. దుమ్ము పడ్డప్పుడల్లా యంత్రం గుడ్డ ఇంటికి తీసుకుపోయి, ఉతికి, గంజి పెట్టి, తెచ్చి తొడిగేది. ఇంత మేలు చేసే యంత్రానికి ఆ మాత్రం చేయకపోతే ఎలా?

ఇరవై ఏడో రోజు కొనేవాళ్ల తరఫున తనిఖీకి సృజన మేడం వచ్చింది. కరీంనగర్ పిల్ల, ముప్పై దాటలేదు, వేడి మీద పెద్ద చదువు చదివింది. ఆ చదువు వేడెక్కకుండా కారును ఏసీ వేసే నిలబెట్టమని డ్రైవరుకు చెప్పి దిగింది. అంకెల పట్టీ తెరిచింది, యంత్రం ముందు వంగింది, తెల్లగుడ్డను గోటితో మీటింది. అది టిక్కుమంది.

"ఇది ఎవరు ఉతికిన్రు?"

"నేనే మేడం," యాదవ్వ ముందుకొచ్చింది. తెల్లదనం చూసి మెచ్చుకుంటుందని కొంగు సర్దుకుంది కూడా.

"దీనికేం పెట్టినవమ్మా?"

"గంజి."

"గంజా?"

"రెండో గంజి మేడం, మొదటిది మందమైతది. నీలిమందు జరంతనే ఏసిన. మీ చున్నీ ఇయ్యుండ్రి, గట్లనే జేసిస్త. నాలుగు దినాలు నలగది."

సృజన కింద కూర్చుని నవ్వింది. నవ్వు ఆపుకున్నాక గుడ్డ సంగతి, నీళ్ల సంగతి, థర్మామీటరు సంగతి అందరికీ విడమరిచి చెప్పింది. పెట్టెలోంచి కొత్త తొడుగు తీసి, మరకలేని డిస్టిల్డ్ నీళ్లతో తడిపి తొడిగింది. అందరూ చూస్తుండగానే ముప్పై ఆరూ పాయింట్ ఎనిమిది నుంచి అంకె మెట్లు దిగింది. ముప్పై నాలుగు, ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిదీ పాయింట్ నాలుగు. సైరన్ గొంతు మధ్యలో తెగిపోయింది.

సదానందం మొహంలో నెల రోజుల తర్వాత వెన్నెల వచ్చింది.

"ఇరవై ఆరు దినాలు గా దేశపోళ్లు కంప్యూటర్ల సూసుకుంట పరేషానైంది దేనికంటే, గీమె గంజికి! లెవ్వుండ్రిరా! పండింది సాలు, దిగుండ్రి!"

గడియారం పన్నెండుంబావు. షెడ్డు కింద ముప్పై మంది లేచారు. ముత్యం తువ్వాల దులుపుకుని తలకు చుట్టుకుంటున్నాడు.

యాదవ్వ నిలబడిన చోటే నిలబడింది. ముప్పై ఏళ్లలో ఆమె గంజి పెట్టిన బట్టను తప్పని తిప్పి పంపినవాడు లేడు. కానీ ఆ బాధ నిమిషం కూడా నిలవలేదు, దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఇన్నాళ్లూ ముత్యాన్ని పైకి తెచ్చింది యంత్రం కాదు, తన చేయి. ఇప్పుడు దింపుతున్నది ఆ మరకలేని నీళ్లు.

"మేడం," అంది. "గా గుడ్డ ఎండితే, చెమట ఆగిన మనిషి లెక్క అన్నరు గద?"

"అవునమ్మా."

"మా ఆయనకు పోయినేడు గట్లనే ఆగింది. గీ శెట్టు కింద గాదు, గుంతల. నా గుడ్డ తప్పు జెప్పిందంటున్నరు. ఎంత తప్పో గుంతలకు వొచ్చి సూడుండ్రి."

"ఏయ్ యాదవ్వా, మేడంకు పనులున్నయి," అన్నాడు సదానందం.

యాదవ్వ అప్పటికే పైట కొంగు చుట్టి తల మీద పెట్టుకుంది. సైరన్ తీగ పీకి, మూడు కాళ్లూ మడిచి, కుంకుమ బొట్టు పెట్టిన ఆ యంత్రాన్ని బట్టల మూటలా ఎత్తి నెత్తిన పెట్టుకుంది. గుంతలోకి లారీలు దిగే బాట వైపు నడిచింది. వెనక సదానందం, "పడ్తది, పడ్తది," అంటూ రెండు చేతులూ చాచి పరుగెత్తాడు. పడేది ఆమె అని అతని ఉద్దేశం కాదు. రహీమ్ నీళ్ల సీసా అందుకుని నడిచాడు. ముత్యమూ మిగిలినవాళ్లూ ఎలాగూ దిగాల్సినవాళ్లే. సృజన ఒకసారి కారు వైపు చూసుకుని, వాళ్ల వెంట దిగింది.

గుంతలో ఎండ పైనుంచి పడదు. నాలుగు గోడల్లోంచి వస్తుంది. పొద్దంతా తాగిన నిప్పును నల్లరాయి మెల్లగా, ఓపిగ్గా, మనిషి మొహం మీదికి ఊదుతుంది. గాలి అంచు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, వెనక్కి పోతుంది. సూర్యుడు ఒక్కడేనని పుస్తకాల్లో రాసినవాళ్లు ఇక్కడికి దిగి ఉండరు.

యంత్రాన్ని రాతి మీద నిలబెట్టారు. గుడ్డ కొత్తది, నీళ్లు మరకలేనివి, గంజి వాసన కూడా లేదు. అంకె ఎక్కింది. ముప్పై ఒకటి. ముప్పై మూడు. సృజన కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది, మళ్లీ తీసింది. ముప్పై ఐదు. పావుగంటకు ముప్పై ఆరూ పాయింట్ రెండు దగ్గర ఆగింది. యాదవ్వ గంజి చెప్పింది ముప్పై ఆరూ పాయింట్ ఎనిమిది. గంజి అర డిగ్రీకి కాస్త ఎక్కువ అబద్ధమాడింది. వేపచెట్టు ఏడు డిగ్రీలు ఆడింది.

సృజన రాతి మీద కూలబడబోయి, రాయి కాలి, లేచింది. పైకి వచ్చాక ఒక సీసా నీళ్లు తాగి, తనిఖీ పుస్తకంలో రెండు వాక్యాలు రాసి, అందరికీ చదివి వినిపించి సంతకం పెట్టింది. యంత్రం పనిచేసే మనుషుల దగ్గరే ఉండాలి. యంత్రం లేని చోట పని చేయించకూడదు.

"మరి ముప్పై ఒకటి దాటితే..." సదానందం నసిగాడు.

"హద్దు ఎంతన్నది మీ కంపెనీయే రాసుకున్నది సార్. మేం కొలత ఒకటే చూస్తం," అంది సృజన. ఆ పూటకు పని ఆపించి, చల్లగా కాచుకుని ఉన్న కారెక్కి వెళ్లింది.

ఆ సాయంత్రం యాదవ్వ ఇంట్లో పండగలా ఉంది. ఆమెకు ఆ పండగ ఒక్క పూటే మిగిలింది. తెల్లారేసరికి సేటు ఫోను చేశాడు.

"ముప్పై ఒకటి ఎవడు పెట్టిండు?"

"మనమే సేట్."

"అయితే నలభై పెట్టు."

ఒక కాగితం కొడితే హద్దు తొమ్మిది డిగ్రీలు జరిగింది. గుట్టనే జరిపినవాడికి అదెంత పని. యంత్రం ఆరింటికే గుంతలోకి దిగింది. పదకొండుకు ముప్పై ఐదు, పన్నెండుకు ముప్పై ఆరు. అంతా కాగితం ప్రకారమే ఉంది. జాక్‌హామర్లు ఆగలేదు. నీళ్ల బిందె మోసే నెపంతో యాదవ్వ కూడా దిగి, ముత్యానికి నాలుగడుగుల దూరంలో నిలబడి అతని వీపు చూస్తోంది. చొక్కా మీద చెమట మరక అంచులు లోపలికి ముడుచుకుంటున్నాయి. మధ్యలో అరచేయంత తడి మిగిలింది.

"ఇంక సాలు, మీదికి రా," అంది.

"ఒక్క బొక్క గొడితె అయిపోతది. నువ్వు పో, నీకు ఎండదెబ్బ తగుల్తది," అన్నాడు ముత్యం తిరక్కుండానే. మాట కాస్త ముద్దగా వచ్చింది.

అప్పుడు యంత్రం కీచుమంది. అంకె కాదు, దాని మొహం మీద ఎర్రటి గుర్తొకటి వెలుగుతూ ఆరుతోంది. సదానందం గొడుగు కింద పరుగెత్తుకొచ్చి, దాని పెట్టెలో వచ్చిన పుస్తకం తిరగేశాడు. యాభై డిగ్రీలు దాటిన చోట యంత్రాన్ని ఉంచరాదు, ఉంచితే పాడవుతుంది, పూచీ మాది కాదు అని బొమ్మ వేసి మరీ చెప్పారు. ఎండలో కాలే రాతి మీద నిలబడ్డ దాని ప్లాస్టిక్ ఒళ్లు ముట్టుకుంటే చురుక్కుమంది. అతను సేటుకు ఫోను కలిపాడు. జాక్‌హామర్ల మోతలో వినబడక స్పీకరు పెట్టాడు.

"మిషన్ కాల్తుంది సేట్. ఎర్రలైటు ఒస్తుంది."

"అరే, గంత ఎండల పెట్టినవా? మనసుందా నీకు? మీదికి తీస్కపో! ఏసీ రూంల పెట్టు! నాలుగు దాక బయటికి తియ్యకు. ఎండ తగ్గినంక సూద్దాం."

మనసు గురించి ఆ గుంతలో వినబడిన మొదటి మాట అది. సదానందం అందరి వంకా చూశాడు.

"యాదవ్వా, ఎత్తుకో. మెల్లగ. దెబ్బ తగలనియ్యకు."

యాదవ్వ యంత్రాన్ని నెత్తిన పెట్టుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

"సారూ, నిన్న మేడం ఏం రాసింది?"

"ఏం రాసింది?"

"మిషన్ లేని కాడ పని జేపియ్యొద్దని రాసింది. సేటేమో మధ్యాహ్నం మిషన్‌ను గుంతల ఉంచొద్దంటుండు. ఇద్దరు పెద్దమనుషులే, ఇద్దరి మాట ఇనాలె. మరి నేను దీన్ని మీదికి తీస్కపోతే గుంతల ఎవలుండాలె?"

సదానందం లెక్క వేసుకున్నాడు. యంత్రం ఎక్కడున్నదీ దాని సిమ్‌కార్డు ఎప్పటికప్పుడు చెప్పేస్తుంది. అది ఆఫీసులో ఉన్న గంటల్లో గుంతలో తీసిన రాయిని సముద్రం అవతల ఎవరూ కొనరు. సేటుకు ఫోను చేసి మనుషుల కోసం పని ఆపుతానంటే ఉద్యోగం ఉండదు. యంత్రం కోసం ఆపానంటే మెచ్చుకుంటాడు. అతని మొహం మీద ఈ లెక్కంతా ఒకటొకటిగా నడిచి వెళ్లడం ముప్పై మందీ చూశారు.

రహీమ్ అతని జవాబు కోసం ఆగలేదు. కంప్రెసర్ కట్టేశాడు. ఒక్కసారి జాక్‌హామర్లన్నీ ఊపిరి వదిలాయి. గుంతలోకి నిశ్శబ్దం చెరువు నీరులా దిగింది.

"మిషన్ బేజారైంది, నడువుండ్రి భాయ్," అన్నాడు. "ఒక్కదాన్నే పంపుతమా? తోడు పోవాలె."

ముందు యాదవ్వ, నెత్తిన నల్లగుండు. పక్కన గొడుగు పట్టిన సదానందం. గొడుగు యంత్రం మీదికే. రహీమ్ ముత్యం భుజం కింద చేయి వేశాడు. ముత్యం రెండు అడుగులు తూలి, "నేను నడుస్త తీ," అని, నాలుగో అడుగుకు అతని మీదే వాలాడు. వెనక మిగిలినవాళ్లు సాగారు. బాట మలుపులో మొదటి గాలి తగిలింది. షెడ్డు కింద ముత్యాన్ని పడుకోబెట్టి, చొక్కా విప్పి, తడిగుడ్డ కప్పారు. గంటసేపటికి అతని నుదుటి మీద చెమట పుట్టింది. యాదవ్వ దాన్ని తుడవలేదు. తుడవొద్దని ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ఆ రోజు రిజిస్టరులో సదానందం పన్నెండు నుంచి నాలుగు దాకా పని లేదని రాసి, కారణం గడిలో 'యంత్రానికి విశ్రాంతి' అని రాశాడు. మర్నాడూ అదే రాశాడు. ఎండాకాలం అయ్యేదాకా ఆ గడిలో ఇంకో మాట రాయాల్సిన అవసరం రాలేదు. మనుషుల మీద జాలిపడ్డాడన్న నింద కూడా అతని మీద పడలేదు.

ఇప్పుడు రోజూ నాలుగవుతుంటే సదానందం తన గదిలోంచి బయటికి చూసి అరుస్తాడు. యంత్రం అతని కుర్చీ పక్కనే, ఏసీ కింద, శుభ్రమైన గుడ్డ మీద కూర్చుని ఉంటుంది. దాని మంచిచెడ్డలు చూసేది యాదవ్వే కాబట్టి ఆమెనే అడగాలి.

"ఏమాయె యాదవ్వా? మిషన్ సల్లబడ్డదా? దింపుదమా?"

యాదవ్వ గదిలోకి వెళుతుంది. జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు నల్లగుండు మీద అరచేయి ఆనిస్తుంది. అది కుండలో నీళ్లంత చల్లగా ఉంటుంది. ఆమె కిటికీలోంచి బయటి ఎండను, షెడ్డు నీడ ఎంత దూరం పాకిందో చూస్తుంది.

"ఇంక కాల్తనే ఉన్నది సారూ. జర ఆగుండ్రి."